ఎనిమిది మంది, ఒక మామిడితోట, ఒక రాత్రి: మా క్యాంపింగ్ డైరీ

అక్టోబర్ 4, 2025, శనివారం

సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర ఆరుగురం కలిశాం. ఇరవై ఏళ్ల కింద హన్మకొండలో ఒకే హాస్టల్లో ఉన్నవాళ్లం. అప్పట్లో ఒకరినొకరం ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్లం, ఇప్పటికీ అదే అలవాటు. పరకాల, జనగామ, మానుకోట, నర్సంపేట, భూపాలపల్లి, హుజూరాబాద్, ములుగు. నేను హసన్‌పర్తి. బతుకమ్మలను నీళ్లలో వదిలి, మలీద ముద్దలు తింటూ కూర్చున్నాం. గంట కాకముందే ఒక్కొక్కరికీ ఇంటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. లేచేటప్పుడు మానుకోట అంది: "ఒక్క రాత్రి మొత్తం మనకే ఉంటే ఎట్లుంటదే?"

ఆ మాట నన్ను వదలలేదు. ఇంటికి వచ్చి క్యాలెండర్ తీశాను. డిసెంబర్ 13 రెండో శనివారం, మాలో ఉన్న ఇద్దరు టీచర్లకూ సెలవు. పైగా ఆ రాత్రి జెమినిడ్ ఉల్కలు బాగా రాలే రాత్రి. ఉల్కల వానల్లో చాలావరకు తోకచుక్కలు వదిలిన దుమ్ము వల్ల వచ్చేవే. ఇది మాత్రం ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన దుమ్ము. మిథున రాశి (ఇంగ్లీషులో జెమిని) వైపు నుంచి రాలుతున్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. అష్టమి దాటిపోతుంది, చంద్రుడు అర్ధరాత్రి తర్వాతే వస్తాడు. ఇంతకంటే మంచి రాత్రి ఏముంటుంది? గ్రూపులో పెట్టాను. ఏడుగురిలో ఆరుగురు వెంటనే సరే అన్నారు. పరకాల చదివింది కానీ జవాబు ఇవ్వలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

చోటు గురించి రోజంతా ఫోన్లే. మొదట అందరి నోటా వచ్చింది లక్నవరం. చెరువు మధ్యలో దీవులు, వేలాడే వంతెన, టూరిజం వాళ్ల గదులు అన్నీ ఉన్నాయి. కానీ శని, ఆదివారాల్లో జనం ఎక్కువ, రాత్రి దీపాలు కూడా ఎక్కువే. మాకు కావలసింది చీకటి, మా పొయ్యి, మా మాటలు.

పాకాల అన్నది నర్సంపేట. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, చుట్టూ అడవి. అయితే అది అభయారణ్యం. అటు తాడ్వాయి, ఏటూరునాగారం వైపు కూడా అంతే. అనుమతి లేకుండా రాత్రి ఉండటం, మంట పెట్టడం నేరం. వేరేవాళ్లు చేస్తున్నారు కదా అని మనం చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఎండాకులున్న అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

సాయంత్రం ములుగు ఫోన్ చేసింది. పాలంపేట దగ్గర వాళ్ల అన్నకు మామిడితోట ఉంది. అన్నా వదినలు తోటలోనే కొట్టం పక్కన ఇల్లు కట్టుకుని ఉంటారు. పిలిస్తే పలికే దూరంలో మనవాళ్లు ఉంటారు, అయినా మన రాత్రి మనదే. రామప్ప గుడి దగ్గరే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని 2021లో యునెస్కో గుర్తించినప్పటి నుంచి చూద్దాం చూద్దాం అనుకుంటూనే ఉన్నాం. పొద్దున్నే అక్కడికీ వెళ్లొచ్చు. చోటు ఖాయం.

అక్టోబర్ 19, ఆదివారం

రేపు దీపావళి. నా కుట్టు షాపులో కుట్టాల్సిన జాకెట్ల కుప్ప అలాగే ఉంది. అయినా ఈ రోజు పరకాలకు ఫోన్ చేయకుండా ఉండలేకపోయాను.

"నువ్వెందుకు ఏమీ అంటలేవు?" అంటే, చాలాసేపు అటూ ఇటూ చెప్పింది. కోడలికి తొమ్మిదో నెలంది, చలంది. చివరికి అసలు మాట వచ్చింది. "నాకు మోకాళ్లు వంగుతలేవే. కింద కూసోలేను. రాత్రి రెండుసార్లు లేవాలె. చెట్ల వెనక్కి పొమ్మంటే నాతోని కాదు. మీరు పోయి రండి."

ఫోన్ పెట్టాక నా నోట్‌బుక్ తెరిచి చూశాను. రెండు పేజీల ప్లాన్. ఉల్కలు ఎన్ని గంటలకు, ఏ దిక్కున, ఏ పాటలు, ఏ వంట అన్నీ ఉన్నాయి. మరుగుదొడ్డి అన్న మాట ఎక్కడా లేదు. ఆ రెండు పేజీలూ చింపేశాను. కొత్త పేజీలో పైన రాసుకున్నాను: 1. పరకాల ఎక్కడ కూర్చుంటుంది. 2. పరకాల ఎక్కడ పడుకుంటుంది. 3. మిగతావన్నీ.

ఆమెకు అనుకూలంగా ఉంటే ఎనిమిది మందికీ అనుకూలంగా ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడిగితే తెలిసింది, ఇదే భయం ఇంకో ముగ్గురికి ఉంది. భూపాలపల్లికి ఆ వారంలోనే నెలసరి. సిగ్గుపడి ఎవరూ గ్రూపులో రాయలేదు, అంతే.

అక్టోబర్ 30, గురువారం

మొంథా తుపాను. నిన్న పడిన వానకు హన్మకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. జనగామ వాళ్లు ఇప్పుడు ఉండేది హన్మకొండలోనే. కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్లు. బియ్యం, బీరువా కింది అరలు, పిల్లల పుస్తకాలు అన్నీ తడిసిపోయాయి. ఈ రోజు నేనూ మానుకోటా వెళ్లి బురద ఎత్తాం. ములుగు వాళ్ల అన్నకు కోతకు వచ్చిన వరి నేలకొరిగింది.

క్యాంపింగ్ మాట ఎవరూ ఎత్తలేదు.

నవంబర్ 9, ఆదివారం

జనగామే ఫోన్ చేసి అడిగింది: "తోట చూసొద్దాం అన్నవు కదా, ఎప్పుడు?" ఇల్లు ఇంకా పూర్తిగా ఆరలేదు. "అందుకే నాకు ఆ రాత్రి కావాలె," అంది.

నేను, జనగామ, ములుగు బయలుదేరాం. ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు ఊరు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగి వెంకటాపూర్ మీదుగా పాలంపేట. మొత్తం డెబ్బై కిలోమీటర్ల లోపే. మేడారం జాతర జనవరి 28 నుంచి 31 వరకు ఉంది. జాతరకు ముందే మొక్కులకు వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఆదివారం తిరుగు ప్రయాణానికి గంట ఎక్కువ వేసుకోవాలి.

తోటలో టెంట్లకు మూడు చోట్లు చూశాం. మామిడిచెట్ల కింద నీడ బాగుంది కానీ ఎండుకొమ్మలు ఉన్నాయి. 2024 ఆగస్టు చివర్లో తాడ్వాయి అడవిలో ఒక్క గాలికి వేల చెట్లు పడిపోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. చెట్టు కింద పడుకోకూడదనుకున్నాం. పైగా ఆకాశం కనిపించదు. కోసిన మడి చదునుగా ఉంది, కానీ తుపాను తేమ ఇంకా పోలేదు. ఇంటి పక్కన గడ్డివాము ఉంది. గడ్డిలో ఎలుకలు, ఎలుకల కోసం పాములు. అక్కడా వద్దు. చివరికి తోటకు తూర్పున చిన్న ఎత్తు మీద చెల్క దొరికింది. ఎర్రనేల, నీళ్లు నిలవవు, మేకు దిగుతుంది, పైన కొమ్మ లేదు. గడ్డివాము నుంచి వంద అడుగులకు పైనే దూరం.

టెంటు మేకును నిటారుగా కొడితే లాగగానే ఊడి వచ్చింది. తల టెంటుకు అటువైపు వాలేలా ఏటవాలుగా కొడితే ఇద్దరం కలిసి లాగినా కదల్లేదు.

వదిన మాకు టీ ఇస్తూ అడిగింది: "మగవాళ్లు ఎవరూ వస్తలేరా?" లేరన్నాం. కాసేపు ఆలోచించి, "నేనూ ఒక గంట వచ్చి కూసోవచ్చా?" అంది. వంట పదకొండు మందికి అని రాసుకున్నాను. అన్న, వదిన, వాళ్ల అమ్మ.

నవంబర్ 16, ఆదివారం

ఈ రోజు మొత్తం మరుగుదొడ్డి పనే. ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ కష్టపడింది దీని మీదే, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చుట్టూ కట్టడానికి మొదట పచ్చని షేడ్‌నెట్ కొన్నాను. ఏడడుగుల వెదురు బొంగులు నాలుగు, నాలుగడుగుల చదరం. డాబా మీద నిలబెట్టి చూస్తే పగలు బాగానే ఉంది. చీకటి పడ్డాక లోపల టార్చి పెట్టి మా అమ్మాయిని నిలబెట్టాను. బయటికి ఆమె నీడ మొత్తం తెలుస్తోంది. రాత్రి పరీక్ష చేయకపోతే ఇది అక్కడికి వెళ్లాకే తెలిసేది. నెట్ పక్కన పెట్టి, షాపు పాత ఫ్లెక్సీ తీశాను. వెనక నలుపు ఉన్న మందపాటి రకం. వెలుతురు ఒక్క చుక్క బయటికి రాలేదు. అంచులు రెండుసార్లు మడిచి, మిషన్‌కు లావు సూది వేసి కుట్టాను. బొంగు దూరడానికి గొట్టంలా మడత పెట్టాను. ముందు భాగం రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి జానెడు కప్పేలా ఉంచి, లోపలి నుంచి కట్టుకునే నాడాలు పెట్టాను. గాలికి ఫ్లెక్సీ చప్పుడు చేస్తోంది. కింది అంచులో ఇసుక నింపిన సన్నని సంచులు కుట్టాక ఆగింది.

కుర్చీ రెండో సమస్య. పాత ప్లాస్టిక్ కుర్చీకి రంధ్రం కోస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు. కోశాను. నేను కూర్చోగానే కాలి దగ్గర పర్రెమని చీలింది. పరకాల కూర్చున్నప్పుడు విరిగి ఉంటే? ఆ ఆలోచనకే ఒళ్లు చల్లబడింది. మెడికల్ షాపులో ఇనుప కమోడ్ స్టూల్ కొన్నాను, 1,450 రూపాయలు. చేతులు ఆనించుకునే కమ్మీలు ఉన్నాయి. మెత్తటి నేలలో కాళ్లు దిగకుండా కింద నాలుగు షాబాదు బండ ముక్కలు.

గుంత రెండడుగుల లోతు. బావికి, బోరుకు, కాలువకు రెండు వందల అడుగులు దూరం. పక్కన బూడిద కలిపిన పొడి మట్టి ఒక బస్తా, వెళ్లిన ప్రతిసారీ రెండు డబ్బాలు చల్లాలి. అలా చేస్తే వాసన రాదు, ఈగలు రావు. చేతులు కడగడానికి కుళాయి ఉన్న క్యాన్, సబ్బు. ప్యాడ్‌లకు మూత ఉన్న డబ్బా, కాగితం సంచులు. అవి గుంతలో వేయం, వెనక్కి తెస్తాం. దారికి పది అడుగులకొక చిన్న సోలార్ దీపం.

ఫొటోలు తీసి పరకాలకు పంపాను. అరగంట తర్వాత జవాబు వచ్చింది: "ఎన్ని బొంతలు తేవాలె?"

నవంబర్ 22, శనివారం

అద్దెకు తెచ్చిన టెంట్లలో ఒకదాన్ని మా డాబా మీద వేసి నేనూ నర్సంపేటా పడుకున్నాం. డాబాకు మేకు దిగదు కాబట్టి మూలల్లో ఇటుకలు. ఒక కడ్డీ పగిలి ఉంది, షాపుకు చెప్పి మార్పించుకున్నాం.

నేర్చుకున్నవి రెండు. నలుగురికి అని రాసిన టెంటులో సామానుతో ముగ్గురికంటే పట్టరు. ఎనిమిది మందికి మూడు టెంట్లు కావాలి. రెండోది, చలి అని కిటికీలు పూర్తిగా మూస్తే మన ఊపిరి తేమే తెల్లారేసరికి గుడ్డ మీద చుక్కలుగా కట్టి మీద పడుతుంది. పై కిటికీ నాలుగు వేళ్లు తెరిచి ఉంచాలి. దోమతెర జిప్పు మాత్రం ఎప్పుడూ మూసే ఉండాలి.

ఇంకోటి, చలి పైనుంచి కంటే కిందినుంచి ఎక్కువ వస్తుంది. ఒక దుప్పటి కింద, రెండు పైన వేసుకుని అర్ధరాత్రి వణికాను. తిరగేసి రెండు కింద, ఒకటి పైన వేసుకుంటే నిద్ర పట్టింది. పాత నూలు చీరలతో మరో నాలుగు బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. ఒక్కోదానికి ఆరు చీరలు. ఒకదాంట్లో మా అమ్మ చీరలు రెండు ఉన్నాయి.

నవంబర్ 26, బుధవారం

గ్రామ పంచాయతీ ఎన్నికల తేదీలు నిన్న వచ్చాయి. డిసెంబర్ 11, 14, 17. జనగామ, హుజూరాబాద్ ఇద్దరూ టీచర్లే, ఇద్దరికీ ఎన్నికల డ్యూటీ. 14న పోలింగ్ అంటే 13 రాత్రి పోలింగ్ కేంద్రంలోనే పడుకోవాలి.

చాలా బాధగా అనిపించింది. రెండు నెలలుగా ఆ ఉల్కల రాత్రి కోసమే ఎదురుచూశాను. "మీరు ఆరుగురు పోండి, ఉల్కలు మళ్లీ రావు," అని హుజూరాబాద్ అంది. వస్తాయి. ప్రతి డిసెంబర్‌లోనూ వస్తాయి. మేం ఎనిమిది మందిమి కలిసి ఒకే చోట రాత్రి ఉండి ఇరవై ఏళ్లయింది. తేదీ 20కి మార్చాను. అమావాస్య, పూర్తి చీకటి. టీచర్లు బడి అయ్యాక బయలుదేరి రాత్రి ఏడున్నరకు చేరతారు. మిగతా ఆరుగురం మధ్యాహ్నమే వెళ్లి, పొద్దు గూకేలోపు టెంట్లు, మరుగుదొడ్డి, పొయ్యి సిద్ధం చేయాలి.

డిసెంబర్ 7, ఆదివారం

నర్సంపేట ఇంట్లో వంట పరీక్ష. బగార అన్నం, నాటుకోడి కూర, పచ్చిపులుసు. పదకొండు మందికి కిలోముప్పావు బియ్యం, రెండున్నర కిలోల కోడి. ఈ నెలలో ఇంట్లో ఉన్నవి కొత్త బియ్యం. మామూలుగా గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు పోస్తే ముద్ద అయింది. గ్లాసుకు గ్లాసున్నర పోస్తే పలుకుపలుకుగా వచ్చింది. తోటలో పాత బియ్యమే వాడదామని నిర్ణయం. మంట తగ్గించడం, పెంచడం మన చేతిలో ఉండని చోట కొత్త బియ్యంతో పోరాడటం ఎందుకు? కోడిని ఇక్కడి నుంచి మోయకుండా అక్కడే కొంటాం. పొద్దుటికి సర్వపిండి నేను చేసి తెస్తాను, అది మరునాడు కూడా బాగుంటుంది.

కట్టెలు అడితి నుంచి. మంట నేల మీద కాకుండా పాత ఇనుప తట్టలో. చుట్టూ పదడుగులు ఆకులు ఊడ్చి, రెండు బకెట్ల నీళ్లు పక్కనే.

మానుకోట స్టాఫ్ నర్సు. మందుల పెట్టె ఆమె బాధ్యత. పాముకాటు గురించి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, కడుపునొప్పితో మొదలవుతుంది. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా కట్టొద్దు. కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ఆమె ముందే కనుక్కుంది. ఒక కారు తాళం ఎప్పుడూ టెంటు కడ్డీకే వేలాడాలి, కారు దారి వైపు తిప్పి ఉండాలి.

డిసెంబర్ 14, ఆదివారం

నిన్న రాత్రి పదకొండింటికి డాబా ఎక్కాను. వీధి దీపాల వెలుతురులో కూడా అరగంటలో నాలుగు ఉల్కలు కనిపించాయి. ఒకటి చాలా నెమ్మదిగా, పొడవుగా వెళ్లింది. గ్రూపులో రాయలేదు. డ్యూటీలో ఉన్న ఇద్దరికీ మనసు కష్టపడుతుంది.

డిసెంబర్ 21, ఆదివారం రాత్రి

ఇప్పుడే ఇంటికి చేరాను. మర్చిపోకముందే రాయాలి.

నిన్న మధ్యాహ్నం రెండింటికి తోటలో ఉన్నాం. గుంత తవ్వడానికి అన్న గడ్డపార పట్టుకుని వచ్చాడు. "మాకు చేతనైతది అన్నా," అని భూపాలపల్లి ఆ గడ్డపార తీసుకుంది. నాలుగున్నరకు మరుగుదొడ్డి నిలబడింది. మొదట పరకాల వెళ్లి కూర్చుని చూసి వచ్చింది. బయటికి వచ్చి ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

అయిదున్నరకే నీడలు పోయాయి, చలి దిగింది. ఏడు నలభైకి టీచర్ల కారు లైట్లు కనిపించాయి. ఇద్దరూ ఎన్నికల అలసట ఇంకా తీరని ముఖాలతో దిగారు. వేడి బగార అన్నం పళ్లెంలో పెట్టగానే జనగామ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుపాను తర్వాత ఎవరో వండిపెడితే కూర్చుని తినడం ఇదే మొదటిసారి అంది.

తొమ్మిదికి దీపాలన్నీ ఆర్పేశాం. తట్టలో నిప్పులు మాత్రమే. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పట్టింది. తూర్పున మిథునంలో గురుగ్రహం దీపంలా వెలుగుతోంది. నేను మృగశిర చూపించబోతుంటే, ములుగు వాళ్ల అమ్మ చెయ్యి ఎత్తి, "అవి గొరుకొయ్యలు బిడ్డా. ఆ మీద ఉన్నది పిల్లలకోడి," అంది. మోట కొట్టే రోజుల్లో గడియారం లేదు, గొరుకొయ్యలు నెత్తి మీదికి వస్తే నడిజాము అని లేచేవాళ్లట. రెండు నెలలుగా ఫోన్ యాప్‌లో చూసిన ఆకాశం ఆమెకు వేళ్ల మీద ఉంది. మిగతా నక్షత్రాలకు ఆమె చెప్పిన పేర్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వదిన ఒక గంట అని వచ్చింది, ఒంటిగంటకు వెళ్లింది.

ఉల్కల రాత్రి అయిపోయి వారమైంది. అయినా పదకొండు దాటాక ఒకటి ఉత్తరాన గీత గీసి పోయింది. ఎనిమిది మందిమీ ఒకేసారి చూశాం, ఒకేసారి అరిచాం. అవతలి తోటలో కుక్కలు మొరిగాయి.

పొద్దున ఒక్క పొరపాటు జరిగింది. రొట్టెల డబ్బా కారులో పెట్టకుండా బయట వదిలాం. ఆరున్నరకు కోతుల గుంపు వచ్చి మొత్తం ఎత్తుకెళ్లింది. సర్వపిండి మిగిలింది, అది చాలు. తొమ్మిదింటికి రామప్ప గుడిలో ఉన్నాం. పరకాల మెట్లు నెమ్మదిగా ఎక్కింది, ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం.

డిసెంబర్ 22, సోమవారం

లెక్క. తలా 1,500 చొప్పున 12,000 వచ్చింది. టెంట్లు 1,800, స్టూల్ 1,450, వెదురు 400, తలకు పెట్టుకునే దీపాలు 1,000, వంట సామాను 3,900, కార్ల పెట్రోలు 2,600, నీళ్ల క్యాన్లు 120. మొత్తం 11,270. మిగిలింది 730.

షేడ్‌నెట్ నా తొందరపాటు కాబట్టి అది లెక్కలో వేయలేదు. గుంత పూడ్చి, పైన వదిన కరివేపాకు మొక్క నాటుతానంది. బొంతలు ఉతికి డాబా మీద ఆరేశాను, ఇంకా పొగ వాసన పూర్తిగా పోలేదు. స్టూల్‌ను పరకాల ఇంటికి పంపాను. వచ్చే అక్టోబర్‌లో తిరిగి ఇస్తుందట. 2026లో జెమినిడ్ రాత్రి 13 ఆదివారం పడింది, 14న బడి ఉంది. హుజూరాబాద్ అప్పుడే సెలవు చీటీ రాస్తానంటోంది.